ఉద్యోగం ఉంది, నిద్రే పోయింది

కాగితప్పడవ (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ చదవడమే తప్ప ఇక్కడ ఎప్పుడూ రాయలేదు. ఇవాళ రాయక తప్పట్లేదు.

ముందే చెప్పేస్తున్నా, నా ఉద్యోగం పోలేదు. మా కంపెనీలో రెండు విడతలుగా మనుషుల్ని తీసేశారు, మూడోది ఉందని గుసగుసలు. జీతం టైముకే పడుతోంది. పని మునుపటికంటే ఎక్కువే ఉంది, పోయినవాళ్ళ పని మా నెత్తినే కదా పడేది. అయినా క్యాలెండర్‌లో సబ్జెక్ట్ లేని పదిహేను నిమిషాల మీటింగ్ కనబడితే చేతులు చల్లబడిపోతున్నాయి. మొన్న మేనేజర్ "ఓ నిమిషం ఖాళీయా?" అని మెసేజ్ పెట్టి భోజనానికి వెళ్ళిపోయాడు. అతను తిరిగొచ్చి కాల్ చేసేలోపు సేవింగ్స్‌తో ఎన్ని ఈఎంఐలు గట్టెక్కుతాయో లెక్కేశాను, పిల్లాడి ఫీజు లెక్కేశాను, కారు అమ్మితే ఎంతొస్తుందో కూడా వెతికాను. తీరా అతను అడిగింది ఏదో రిపోర్టులో ఫాంట్ సైజు గురించి!

తెల్లవారుజామున మెలకువ వస్తే మళ్ళీ నిద్ర పట్టట్లేదు. ఇంట్లో చీటికీమాటికీ విసుక్కుంటున్నా. ఉద్యోగాలు పోయినవాళ్ళు నా స్నేహితుల్లోనే ఉన్నారు, వాళ్ళ దగ్గర ఇది చెప్పుకోడానికి మొహం చెల్లట్లేదు. ఉన్న ఉద్యోగానికే ఇంత బెంగ పెట్టుకోవడం నా ఒక్కడి పిరికితనమా, మాంద్యం అంటేనే ఇంతా?

మూడోషిఫ్ట్

పిరికితనం కాదు బ్రదర్. నన్ను తీసేసిన రోజు రాత్రి ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. నమ్మినా నమ్మకపోయినా ఇది నిజం. అంతకుముందు కొన్ని నెలలు నీలాగే ఉన్నా. తర్వాత పడ్డ కష్టాలు వేరే, అవి ఇంకోసారి చెప్తా. కానీ ఆ ఎదురుచూపు మాత్రం పగవాడికి కూడా వద్దు.

లెక్కలమాస్టారు

మూడోషిఫ్ట్ గారు చెప్పింది ఆయన ఒక్కరి అనుభవం కాదు. 2000 నుంచి 2011 వరకు 63 దేశాల లెక్కలు తీసుకుని చేసిన ఒక పరిశోధన 2015లో ఒక పేరున్న మనోవైద్య పత్రికలో వచ్చింది. ఏటా సుమారు 45,000 ఆత్మహత్యలకు నిరుద్యోగంతో సంబంధం ఉందని అందులో తేల్చారు. అందరూ పట్టుకున్నది ఆ అంకెనే. నన్ను ఆపేసింది మాత్రం అందులోనే ఉన్న ఇంకో విషయం. ఆత్మహత్యల రేటు నిరుద్యోగం రేటుకంటే దాదాపు ఆరు నెలలు ముందే పెరగడం మొదలైంది. అంటే ఉద్యోగాలు లెక్కల్లో పోకముందే మనసులు పోవడం మొదలైందన్నమాట.

నిరుద్యోగం అంకె ఎప్పుడూ వెనకబడే వస్తుంది. అమెరికాలో 2007 డిసెంబరులో మొదలైన మాంద్యం 2009 జూన్‌లో అధికారికంగా అయిపోయింది. నిరుద్యోగం 10 శాతానికి చేరి శిఖరం తాకింది అదే ఏడాది అక్టోబరులో. "గండం గట్టెక్కింది" అని వార్తలు వచ్చిన తర్వాత కూడా జనాన్ని ఇంటికి పంపుతూనే ఉన్నారు. భయం ముందు మొదలై, అంకెలు బాగుపడ్డాక కూడా మిగిలిపోతుంది. కాగితప్పడవ గారూ, మీరున్నది సరిగ్గా ఆ ముందు భాగంలో.

వేపకాయ

క్షమించాలి, నాకు ఇదంతా కాస్త అతిగా అనిపిస్తోంది. ఉద్యోగాలు పోవడం, దొరకడం ఎప్పుడూ ఉన్నదే. మాంద్యం వస్తుంది, పోతుంది. ప్రతిదానికీ "మానసిక ఆరోగ్యం" అని పేరు పెట్టుకుంటూ కూర్చుంటే వెతుక్కునేదెప్పుడు? 1929లో వాల్‌స్ట్రీట్ కూలినప్పుడు మేడల మీంచి దూకారని కథలు చెప్తారు. ఆ తర్వాత కూడా ప్రపంచం నడిచింది కదా.

లెక్కలమాస్టారు

వేపకాయ గారూ, ఆ కథ కథే. ఆర్థికవేత్త గాల్‌బ్రైత్ న్యూయార్క్ రికార్డులు తిరగేసి చూస్తే, మార్కెట్ కూలిన అక్టోబరు, నవంబరు నెలల్లో ఆత్మహత్యలు అంతకుముందు వేసవికంటే తక్కువే ఉన్నాయి. కానీ అక్కడితో ఆగకండి. అమెరికా మొత్తంలో 1929లో లక్ష జనాభాకు సుమారు 14గా ఉన్న రేటు 1932 నాటికి 17 దాటింది. ఒక్కరోజు షేర్లు పోగొట్టుకున్న ధనికుల సంగతి కాదది. ఏళ్ళ తరబడి పని దొరకని మామూలు మనుషుల సంగతి. 1933కి అక్కడ పనిచేయగల ప్రతి నలుగురిలో ఒకరికి ఉద్యోగం లేదు.

మీ వాదనకు పనికొచ్చేది కూడా ఒకటి నేనే ఇస్తాను, తీసుకోండి. మాంద్యం రోజుల్లో మొత్తం మరణాలు పెరగవు, చాలాచోట్ల తగ్గుతాయి! క్రిస్టఫర్ రూమ్ అనే ఆర్థికవేత్త 2000లో అమెరికా రాష్ట్రాల లెక్కలతో ఇది చూపించాడు. 1930ల మహామాంద్యంలో కూడా సగటు ఆయుర్దాయం తగ్గలేదు. రోడ్ల మీద బళ్ళు తగ్గుతాయి, ప్రమాదాలు తగ్గుతాయి, ఓవర్‌టైములు తగ్గుతాయి. ఈ పేపర్ పట్టుకుని "మాంద్యం ఆరోగ్యానికి మంచిది" అని రాసినవాళ్ళూ ఉన్నారు. అయితే అదే లెక్కల్లో ఒక్క వరుస మాత్రం ఎదురు తిరుగుతుంది, ఆత్మహత్యలది. సగటులో ఇది మునిగిపోతుంది. ఊరంతటికీ కాస్త మేలు, ఉద్యోగం పోయిన ఇంటికి మాత్రం గొడ్డలిపెట్టు. రెండూ ఒకే ఏడాదిలో, ఒకే పట్టికలో.

వేపకాయ

ఇది నాకు కొత్త. చదువుతాను. కానీ "వెతుక్కునేదెప్పుడు" అన్న ప్రశ్న అలాగే ఉంది.

వాళ్ళావిడ

వేపకాయ గారి ప్రశ్నకు నేను చెప్తాను. మా ఆయన ఉద్యోగం పోయి చాలా కాలమైంది. మొదట్లో పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని లాప్‌టాప్ ముందు కూర్చునేవారు. రోజుకి ఇన్ని అప్లికేషన్లు అని పెట్టుకున్నారు. తర్వాత చొక్కా పోయింది, తర్వాత గడ్డం గీసుకోవడం పోయింది. ఫోన్ మోగితే లేచి బాల్కనీలోకి వెళ్ళి తలుపేసుకునేవారు. ఇప్పుడు ఫోన్ మోగినా తియ్యరు, "ఏ క్రెడిట్ కార్డు వాళ్ళో" అంటారు.

నాకు అర్థం కానిది ఇంకోటి. రోజంతా ఖాళీయే కదా, కానీ చిన్న పని చెప్పినా "టైం లేదు" అంటారు. గీజర్ బాగుచేసేవాడికి ఫోన్ చెయ్యమని చెప్పి రెండు వారాలైంది. నేను ఆఫీసుకెళ్ళొచ్చి, వంట చేసి, పిల్లలతో హోంవర్క్ చేయించి నేనే ఫోన్ చేశాను. బద్ధకం కాదని నాకు తెలుసు, ఆయన ఇరవయ్యేళ్ళు ఒక్కరోజు ఆలస్యంగా ఆఫీసుకెళ్ళిన మనిషి కాదు. మరి ఏమిటిది? కోప్పడాలో జాలిపడాలో తెలియట్లేదు.

బీరువాపుస్తకం

వాళ్ళావిడ గారూ, మీరు రాసింది చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. సరిగ్గా ఇదే 1930ల్లో ఆస్ట్రియాలో రాసిపెట్టారు.

వియన్నా దగ్గర మారియంతాల్ అనే చిన్న ఊరు. ఊరంతా ఒకే బట్టల మిల్లు మీద బతికేది. మహామాంద్యం దెబ్బకి అది మూతపడింది. మారీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైజెల్ అనే ముగ్గురు పరిశోధకులు తమ బృందంతో ఆ ఊరు వెళ్ళారు. 1933లో ఆ అధ్యయనం అచ్చయింది. ఊళ్ళో గ్రంథాలయం ఉండేది. పనిలేని మనుషులు బాగా చదువుతారనుకుంటాం కదా? పుస్తకాలకు తీసుకునే రుసుము ఎత్తేసినా సరే, రెండేళ్ళలో పుస్తకాలు తీసుకెళ్ళడం దాదాపు సగానికి పడిపోయింది. సంఘాలు, రాజకీయ చర్చలు అన్నీ చల్లబడ్డాయి.

వాళ్ళు చేసిన ఒక పని నాకు భలే నచ్చుతుంది. కిటికీ వెనక నించుని, గడియారం చేత్తో పట్టుకుని, వీధిలో నడిచేవాళ్ళ వేగం కొలిచారు. మగవాళ్ళు నెమ్మదిగా నడుస్తున్నారు, దారిలో మాటిమాటికీ ఆగుతున్నారు. ఆడవాళ్ళు వేగంగా పోతున్నారు. ఎందుకంటే వాళ్ళకి జీతం పోయిందే కానీ పని పోలేదు, ఇల్లంతా వాళ్ళమీదే ఉంది. రోజంతా ఏం చేశారో గంటగంటకీ రాయమని మగవాళ్ళకి కాగితాలిచ్చారు. లేవడం, మధ్యాహ్నం భోజనం, పడుకోవడం తప్ప మిగతా గళ్ళలో రాయడానికి ఏమీ తోచలేదు. ఒకాయన "ఈలోగా మధ్యాహ్నమవుతుంది" అని రాశాడు. నాకు తెలిసి నిరుద్యోగం మీద ఇంతకంటే నిజమైన వాక్యం లేదు.

యహోదా ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు దీనిమీదే ఆలోచించింది. ఉద్యోగం జీతంతో పాటు మనకు తెలియకుండా ఇంకొన్ని ఇస్తుందంది. రోజుకో ఆకారం, ఇంటి బయట మనుషులు, నలుగురితో కలిసి ఏదో చేస్తున్నామన్న భావం, "నేను ఫలానా" అని చెప్పుకునే గుర్తింపు, చెయ్యక తప్పని పని. జీతం పోతే అప్పు తెచ్చుకోవచ్చు. ఇవి ఎవరిస్తారు? మీవారికి టైం లేదనిపించడం అబద్ధం కాదు. గంటలున్నాయి, వాటిని ముక్కలు చేసే గీతలు చెరిగిపోయాయి.

వాళ్ళావిడ

"జీతం పోయిందే కానీ పని పోలేదు." ఈ మాట ఆయనకి చదివి వినిపిస్తాను. గొడవ కోసం కాదులెండి.

పాత_హెచ్‌ఆర్

ఇన్నేళ్ళూ బల్లకి అవతలి వైపు కూర్చున్నదాన్ని. లోపల ఏం జరుగుతుందో చెప్తే కాస్త భారం దిగుతుందేమో.

లేఆఫ్ లిస్టు మీ పనితీరు చూసి మొదలవదు. పైనుంచి ఒక మొత్తం వస్తుంది, ఇంత ఖర్చు తగ్గాలని. దాన్ని విభాగాలకి పంచుతారు. ఏ ప్రాజెక్టు ఆపేస్తున్నారు, ఏ టీములో జీతాలు ఎక్కువ, ఏ ఆఫీసు మూసేస్తున్నారు అనేవి ముందు తేలతాయి. పేర్లు ఆఖరి వరుసలో నింపుతారు. నేను చూసిన షీట్లలో ఎంప్లాయీ నంబరు, కాస్ట్ సెంటర్, బేసిక్, చేరిన తేదీ, వీటి తర్వాతే పేరు. వాళ్ళెంత మంచి పనివాళ్ళో రాయడానికి ఆ షీట్‌లో కాలమే ఉండదు. ఉద్యోగం పోయిన ప్రతివాళ్ళూ ఎదురుగా కూర్చుని అడిగే మొదటి ప్రశ్న మాత్రం "నేనేం తప్పు చేశాను?" అనే.

అసలు అన్యాయం తర్వాత మొదలవుతుంది. పంపించేటప్పుడు "ఇది మీ తప్పు కాదు, మార్కెట్ పరిస్థితి" అంటాం. అదే మనిషి ఇంకో కంపెనీకి అప్లై చేస్తే అక్కడి రిక్రూటర్ మొదట చూసేది మధ్యలో ఖాళీ ఎంతుందని. పంపేటప్పుడు కారణం మార్కెట్టు, తీసుకునేటప్పుడు కారణం మనిషి. అమెరికాలో ముగ్గురు ఆర్థికవేత్తలు వేలకొద్దీ నకిలీ రెజ్యూమెలు కంపెనీలకి పంపి చూశారు. అర్హతల్లో తేడా లేదు, ఎన్నాళ్ళుగా ఉద్యోగం లేదన్నదే తేడా. మొదటి ఎనిమిది నెలల్లోనే పిలుపులు బాగా పడిపోయాయి. 2013లో వచ్చిందది. అందులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. చుట్టూ నిరుద్యోగం ఎక్కువగా ఉన్న ఊళ్ళలో ఈ వివక్ష తక్కువ. అక్కడ రిక్రూటర్లకి కూడా తెలుసు, ఖాళీగా ఉండటం మనిషి లోపం కాదని.

మూడోషిఫ్ట్

"పంపేటప్పుడు మార్కెట్టు, తీసుకునేటప్పుడు మనిషి." మేడమ్, దీన్ని ఫ్రేము కట్టించి రిక్రూటర్లందరికీ పంపాలి.

నా కథ ఇప్పుడు చెప్తా. మొదటి నెల సెలవులాగే గడిచింది. తర్వాత ఫోన్లు ఆగిపోయాయి. ఇంటర్వ్యూల్లో రిజెక్ట్ చేస్తే బాధ లేదు, అసలు జవాబే రాకపోవడమే మనిషిని తినేస్తుంది. నేనే లేనేమో అనిపించేది. మళ్ళీ ఉద్యోగం దొరికింది, పాత జీతం కంటే తక్కువే, పోనీ. కానీ ఇప్పటికీ ఆఫీసులో డెస్కు మీద సొంత వస్తువు ఒక్కటి పెట్టుకోను. చార్జరు కూడా సాయంత్రం బ్యాగులో వేసుకుని వచ్చేస్తా. ఎప్పుడు లేపినా రెండు చేతులతో లేచిపోవాలి కదా.

లెక్కలమాస్టారు

మూడోషిఫ్ట్ గారి చార్జరు సంగతికి కూడా లెక్కలున్నాయి. జర్మనీలో కొన్ని వేలమందిని 15 ఏళ్ళపాటు ఏటా అడుగుతూ వచ్చిన సర్వే మీద 2004లో ఒక పేపర్ వచ్చింది. ఉద్యోగం పోయినవాళ్ళ జీవిత సంతృప్తి పడిపోతుంది, మళ్ళీ ఉద్యోగం వచ్చాక లేస్తుంది, కానీ సగటున మునుపటి మట్టానికి పూర్తిగా చేరదు. మచ్చ మిగులుతుంది.

మిగిలినవాళ్ళ ఒంటిమీదా ఆ మచ్చ పడుతుంది, కాగితప్పడవ గారికి ఇది ముఖ్యం. 1990ల మొదట్లో ఫిన్లాండ్‌లో ఘోరమైన మాంద్యం. మున్సిపల్ ఉద్యోగుల్ని పెద్దఎత్తున తగ్గించారు. ఉద్యోగం నిలబెట్టుకున్నవాళ్ళని ఏళ్ళ తరబడి గమనిస్తే, కోతలు ఎక్కువగా పడ్డ చోట మిగిలినవాళ్ళలో గుండె, రక్తనాళాల జబ్బులతో మరణాలు, కోతలు లేనిచోటికంటే సుమారు రెండింతలు ఉన్నాయి. వీళ్ళెవరికీ ఉద్యోగం పోలేదు సుమండీ.

కాగితప్పడవ

మాస్టారూ, ధైర్యం చెప్తారనుకుంటే గుండెజబ్బు తెచ్చిపెట్టారు.

లెక్కలమాస్టారు

హహ, అది మీమీద జోస్యం కాదండీ. మీ భయం ఊహ కాదు, దానికి ఒళ్ళు కూడా జవాబు చెప్తుందని చెప్పడమే నా ఉద్దేశం.

తెల్లకోటు

జనరల్ ప్రాక్టీస్‌లో ఉన్నాను. పై మాటకి కొనసాగింపుగా ఒక డాక్టరుగా చెప్పాల్సింది ఉంది.

మాంద్యం రోజుల్లో "డిప్రెషన్‌గా ఉంది డాక్టరుగారూ" అని ఎవరూ రారు. ఛాతీలో బరువు, కడుపులో మంట, తలపోటు, మెడనొప్పి అంటూ వస్తారు. పరీక్షలన్నీ నార్మల్ వస్తాయి, కొందరికి దాంతో ఇంకా భయం. నేను అడిగే ప్రశ్నలు వేరే. తెల్లవారుజామున మెలకువ వచ్చి మళ్ళీ నిద్ర పట్టడం లేదా? ఇదివరకు ఇష్టంగా చేసిన పని ఇప్పుడు చప్పగా ఉందా? మందు తాగడం ఎప్పటినుంచి రోజూ అయింది? ఈ చివరి ప్రశ్నకి చాలామంది కళ్ళు దించుకుంటారు.

2009లో వందలాది అధ్యయనాలు కలిపి చేసిన ఒక విశ్లేషణ ఉంది. మానసిక సమస్యలు ఉన్నవాళ్ళు ఉద్యోగం ఉన్నవాళ్ళలో 16 శాతం, లేనివాళ్ళలో 34 శాతం. రెట్టింపు పైమాటే. ముందే దిగులున్నవాళ్ళకి ఉద్యోగాలు పోతున్నాయేమో అన్న అనుమానం కొంత నిజమే, కానీ అది చిన్న భాగం. ఎక్కువ భాగం ఉద్యోగం పోవడమే కారణం. మళ్ళీ పని దొరికితే చాలామంది స్పష్టంగా తేరుకుంటారు కూడా.

బెంగకీ జబ్బుకీ తేడా ఏమిటని అడుగుతారు. రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి, ఆసక్తి మూడూ తప్పితే ఇక మామూలు బెంగ అనుకుని ఊరుకోవద్దు, డాక్టర్ని కలవండి. కౌన్సెలింగ్‌తో, కొందరికి మందులతో ఇది తగ్గే జబ్బు. ఉద్యోగం వచ్చాక చూపించుకుందాం అని వాయిదా వేస్తారు, అది మాత్రం వద్దు. ఇంటర్వ్యూలో కూర్చోగలగాలంటే ముందు నిద్రపోవాలి కదా.

మోడరేటర్

చర్చ బాగా సాగుతోంది. ఒక్క మనవి. ఆత్మహత్యల గురించి మాట్లాడేటప్పుడు పద్ధతుల వివరాలు రాయకండి, రాస్తే తీసేస్తాం. ఇది చదువుతున్నవారిలో ఎవరికైనా బతకాలని లేదనిపిస్తుంటే, దయచేసి ఇక్కడ జవాబు కోసం ఎదురుచూడకుండా మీ ప్రాంతంలోని హెల్ప్‌లైన్‌కి గానీ, ఆసుపత్రికి గానీ, మీకు నమ్మకమున్న మనిషికి గానీ ఇప్పుడే ఫోన్ చేయండి.

బండిచక్రం

ఇంతసేపు చదివాను. మీరంతా నెలజీతాల వాళ్ళు. మీకు మెయిల్ వస్తుంది, మీటింగ్ ఉంటుంది, చేతిలో రెండు మూడు నెలల డబ్బు పెడతారు. నేను డెలివరీ బండి నడుపుతా. మాకు మాంద్యం ఎలా వస్తుందో తెలుసా? ఎవరూ ఏమీ చెప్పరు. ఆర్డర్లు తగ్గుతాయి. ఉద్యోగాలు పోయినవాళ్ళు బళ్ళు కొనుక్కుని ఇదే యాప్‌లోకి వస్తారు. ఉన్న ఆర్డర్లే ఇంతమందికి పంచుకోవాలి. ఇదివరకు ఎనిమిది గంటల్లో వచ్చేది ఇప్పుడు పన్నెండు గంటలు రోడ్డుమీద ఉంటే వస్తుంది. ఉద్యోగం పోలేదు, లెక్కప్రకారం నాకు పని ఉంది! నిద్ర పట్టకపోవడం ఏమిటి సార్, పడుకునే టైమే లేదు.

లెక్కలమాస్టారు

బండిచక్రం గారు ఈ చర్చలో అందరికంటే పెద్ద విషయం చెప్పారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018 లెక్క ప్రకారం ప్రపంచంలో పనిచేసేవాళ్ళలో 61 శాతం, అంటే సుమారు 200 కోట్లమంది, ఇలా ఏ భద్రతా లేని పనుల్లోనే ఉన్నారు. పనిలేకుండా ఒక్క వారం కూర్చునే స్తోమత వీళ్ళకి ఉండదు కాబట్టి నిరుద్యోగం అంకెలో కనబడరు. కోవిడ్ వచ్చిన 2020లో అదే సంస్థ ఉద్యోగాలకి బదులు పని గంటలు లెక్కపెట్టింది. పోయిన గంటలు 8.8 శాతం, పూర్తికాలపు ఉద్యోగాలుగా మారిస్తే 25.5 కోట్లు. మనం పైన తవ్విన పరిశోధనలన్నీ దాదాపు నెలజీతాల దేశాలవే.

కొత్తపట్టా

నాదో చిన్న డౌట్ అన్నలూ, అక్కలూ. నాకు పోవడానికి ఉద్యోగమే లేదు. క్యాంపస్‌లో ఆఫర్ వచ్చింది, జాయినింగ్ డేట్ "త్వరలో తెలియజేస్తాం" అని మూడుసార్లు మెయిల్ వచ్చింది. నాలుగోసారి ఆ మెయిల్ కూడా రాలేదు. ఇంట్లో చుట్టాలు వస్తే గదిలోంచి బయటికి రావట్లేదు. మాంద్యంలో చదువు అయిపోయినవాళ్ళకి జీవితాంతం దెబ్బే అని ఎక్కడో చదివా. నిజమేనా?

లెక్కలమాస్టారు

జీవితాంతం కాదు తమ్ముడూ. కెనడాలో కాలేజీ పట్టభద్రుల మీద 2012లో వచ్చిన పెద్ద అధ్యయనం ప్రకారం, మాంద్యంలో బయటికొచ్చినవాళ్ళ జీతాలు మొదట్లో సుమారు 9 శాతం తక్కువ, ఆ తేడా దాదాపు పదేళ్ళకి కరిగిపోతుంది. తొందరగా తేరుకున్నవాళ్ళు చేసిన పని ఒకటే. దొరికిన చిన్న కంపెనీలో చేరి, మార్కెట్ లేవగానే మారిపోయారు. కాబట్టి ఆ మెయిల్ కోసం కూర్చోకు.

పాత_హెచ్‌ఆర్

అవును బాబూ. ఆ ఆఫర్ లెటర్ దాచుకో, కానీ దానికి కాపలా కాయకు. చిన్న కంపెనీలో ఏడాది పని, పెద్ద కంపెనీ మెయిల్ కోసం ఏడాది ఎదురుచూపు కంటే ఎంతో నయం. నీ బ్యాచ్‌లో ఎంతమందికి జాయినింగ్ వాయిదా పడిందో రిక్రూటర్లకి తెలుసు, ఇంటర్వ్యూలో ఆ మాట తల దించుకోకుండా చెప్పు.

వేపకాయ

సరే, భయం నిజమే, ఒప్పుకుంటున్నా. చేసేదేమిటి మరి? మాంద్యం ఆపడం మన చేతుల్లో లేదు. ప్రభుత్వాలేమో డబ్బు లేనప్పుడే ఎక్కువ ఖర్చు పెట్టాలంటారు. డబ్బెక్కడిది?

బీరువాపుస్తకం

ఫిన్లాండ్ మాటే మళ్ళీ ఎత్తుతాను. 1990లో 3 శాతం చిల్లర ఉన్న నిరుద్యోగం నాలుగేళ్ళలో 16 శాతం దాటింది. ఆత్మహత్యలు ఆకాశానికంటాలి కదా? తగ్గాయి. స్వీడన్‌లోనూ అదే కాలంలో అంతే. అదే 1998లో జపాన్ చూడండి. ఆసియా ఆర్థిక సంక్షోభం తర్వాత ఒక్క ఏడాదిలో ఆత్మహత్యలు సుమారు 24,000 నుంచి దాదాపు 33,000కి ఎగబాకాయి, 2011 వరకు ఏటా 30,000కి దిగలేదు. 2006లో చట్టం చేసి పట్టుదలగా పనిచేస్తే అప్పుడు మెల్లగా తగ్గింది. కూలిన ఆర్థిక వ్యవస్థలు అన్నీ ఒకటే, కింద వల ఉందా లేదా అన్నదే తేడా.

లెక్కలమాస్టారు

పూర్తిగా అంత సూటి కాదు బీరువాపుస్తకం గారూ. ఫిన్లాండ్ 1986లోనే జాతీయ నివారణ కార్యక్రమం మొదలుపెట్టింది, మాంద్యం వచ్చేసరికి అది నడుస్తోంది. ఏది ఎంత పనిచేసిందో విడదీయడం కష్టం. కానీ దిశ మాత్రం అదే. 1970 నుంచి 2007 వరకు 26 యూరప్ దేశాల లెక్కలు చూసిన 2009 నాటి పరిశోధనలో, నిరుద్యోగం 1 శాతం పెరిగితే 65 ఏళ్ళలోపువాళ్ళలో ఆత్మహత్యలు 0.79 శాతం పెరిగాయి. ఉద్యోగం పోయినవాళ్ళని మళ్ళీ పనిలో పెట్టే పథకాలకి బాగా ఖర్చుపెట్టిన దేశాల్లో ఈ ముడి వదులైపోయింది. ఊరికే చేతిలో డబ్బు పెట్టే పథకాలు అవి కావు. పోయిన వెంటనే ఒక మనిషి ఎదురుగా కూర్చుని "తర్వాతేంటి" అని అడిగే పథకాలు.

వేపకాయ గారి డబ్బు ప్రశ్నకి జర్మనీ 2009లో ఒక జవాబు చెప్పింది. ఆర్థిక వ్యవస్థ ఆ ఏడాది 5 శాతం పైగా కుంగింది. మనుషుల్ని తీసేసే బదులు గంటలు తగ్గించండి, తగ్గిన జీతంలో కొంత మేం ఇస్తాం అంది ప్రభుత్వం. ఉధృతంగా ఉన్నప్పుడు సుమారు 15 లక్షలమంది అలా సగం పనిలో ఉన్నారు. నిరుద్యోగం దాదాపు కదల్లేదు. యహోదా చెప్పిన ఆ గీతలు చెరగలేదన్నమాట, పొద్దున లేచి వెళ్ళడానికి ఒక చోటు మిగిలింది.

వేపకాయ

గంటలు తగ్గించడం నాకు నచ్చింది. నలుగురి జీతాలు కాస్త తగ్గితే ఒకడు రోడ్డున పడడు.

పాత_హెచ్‌ఆర్

అడిగి చూడండి, ప్రతి కంపెనీలోనూ ఆ ప్రతిపాదన ఎవరో ఒకరు పెడతారు. "మంచివాళ్ళు వెళ్ళిపోతారు" అని పక్కన పెట్టేస్తారు. మంచివాళ్ళు లేఆఫ్ తర్వాత కూడా వెళ్ళిపోతారు, అది ఎవరూ లెక్కపెట్టరు.

కాగితప్పడవ

అందరికీ చాలా థాంక్స్. ఇన్ని లెక్కల మధ్య నాకు కావాల్సింది దొరికింది, పిచ్చివాణ్ణి కాదని. తెల్లకోటు గారు అడిగిన ప్రశ్నల్లో రెండింటికి నా జవాబు అవుననే, అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. ఇంకొక్క ప్రశ్న. మా ఆవిడకి ఇదేమీ చెప్పలేదు. ఇంకా జరగనిదానికి ఆమెని ఎందుకు భయపెట్టాలని. చెప్పమంటారా?

వాళ్ళావిడ

చెప్పండి. ఇవాళే. మా ఆయన కూడా "ఎందుకు భయపెట్టాలి" అనే నెలల తరబడి దాచారు. మనిషి విసుక్కుంటున్నాడు, తినట్లేదు, ఫోన్ దాచుకుంటున్నాడు, నేనేం అనుకోవాలి? ఉద్యోగం తప్ప మిగతా అన్నీ అనుకున్నాను. అసలు సంగతి తెలిశాక హమ్మయ్య అనిపించింది అంటే నమ్మండి. డబ్బు లెక్క ఇద్దరూ కలిసి వేసుకోండి, మీరొక్కరే వేస్తే రోజుకో రకంగా వస్తుంది.

పాత_హెచ్‌ఆర్

ఆవిడ చెప్పినట్టే చేయండి. దాంతోపాటు, ఉద్యోగం ఉండగానే మీ అప్రైజల్ లెటర్లు, పేస్లిప్పులు, అనుభవం రుజువులు సొంత మెయిల్‌కి తెచ్చుకోండి, మీ సొంత కాగితాలు మాత్రమే, కంపెనీవి కాదు. పిలిచిన రోజు అక్కడికక్కడ ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి, చదవడానికి టైం అడగండి. ఆరోగ్య బీమా ఏ తేదీ వరకు ఉంటుందో, వాడని సెలవుల డబ్బు ఎప్పుడిస్తారో అడగండి. కళ్ళు తిరుగుతున్నప్పుడు ఇవి గుర్తురావు, అందుకే ఇప్పుడే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

బీరువాపుస్తకం

మిషిగన్ యూనివర్సిటీ వాళ్ళు చాలా ఏళ్ళుగా నడిపిన ఒక కార్యక్రమం గుర్తొచ్చింది. ఉద్యోగం పోయినవాళ్ళని పదిహేను ఇరవైమందిని ఒక గదిలో కూర్చోబెట్టి, ఇంటర్వ్యూలు ప్రాక్టీసు చేయించడం, తిరస్కరించినప్పుడు ఏం చేయాలో ముందే అనుకోవడం, పరిచయాలు పంచుకోవడం. అంతే. వెళ్ళనివాళ్ళతో పోలిస్తే వెళ్ళినవాళ్ళకి తొందరగా పని దొరికింది, దిగులు లక్షణాలూ తగ్గాయి, బాగా కుంగినవాళ్ళకే ఎక్కువ మేలు జరిగింది. ఫిన్లాండ్ కూడా దాన్ని తెచ్చుకుంది. ఖర్చు పెద్దగా లేదు, మనుషులు కావాలంతే.

మూడోషిఫ్ట్

మనుషులు ఇక్కడే ఉన్నారు కదా. ఆదివారం పొద్దున ఒక గ్రూప్ కాల్ పెడదాం. పాత_హెచ్‌ఆర్ మేడమ్ ఉత్తుత్తి ఇంటర్వ్యూలు చేస్తే బాగుంటుంది, నేను మా కంపెనీలో రెఫరల్స్ చూస్తా. కొత్తపట్టా తమ్ముడూ, నీ రెజ్యూమె పంపు. బండిచక్రం అన్నా, నీకు పొద్దున ఆర్డర్లుంటాయేమో, టైం నువ్వే చెప్పు.

బండిచక్రం

ఆదివారం పొద్దున, రాత్రి బిజీ. మధ్యాహ్నం మూడు నుంచి ఐదు ఖాళీ. నా రెజ్యూమె ఎప్పుడో రాసింది, డిగ్రీ వరకే ఉంది, తర్వాత అంతా బండే. దాంట్లో ఏం రాయాలో తెలీదు.

పాత_హెచ్‌ఆర్

మూడింటికే పెట్టండి. ముందు మీదే చూద్దాం.

వాళ్ళావిడ

ఒక సీటు మా ఆయనకి. వస్తారో రారో తెలీదు, లింక్ మాత్రం పంపండి.